పసుపు రంగు చేసిన పాపం ఏంటి? అసూయకి, ద్రోహానికి ఈ రంగు ఎలా అంటుకుంది

ఈ మధ్య ఒక రీల్ బాగా తిరుగుతోంది. ఏడు మహాపాపాలు, ఏడు రంగులు. కోపానికి ఎరుపు, అసూయకి ఆకుపచ్చ, గర్వానికి ఊదా, బద్ధకానికి లేత నీలం, ఇలా వరుసగా వస్తాయి. చివర్లో "ప్రాచీన చర్చి దాచిన రహస్యం" అని ఒక లైన్. వెనకాల హారర్ సినిమా మ్యూజిక్. చాలామంది ఇది నిజమా అన్నా అని అడుగుతున్నారు. ముందు ఆ సంగతి తేల్చేసి, తర్వాత అసలు కథలోకి వెళ్దాం.

పాపాల లిస్టు నిజమైనదే. 4వ శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో ఎవాగ్రియస్ అనే సన్యాసి ఉండేవాడు. మనిషిని పాడుచేసే ఎనిమిది చెడు ఆలోచనలు అని ఆయన ఒక లిస్టు రాశాడు. తమాషా ఏంటంటే ఆ ఎనిమిదిలో అసూయ లేదు. దాదాపు 200 ఏళ్ళ తర్వాత, 590 ప్రాంతంలో, పోప్ మొదటి గ్రెగరీ ఆ లిస్టుని మళ్ళీ సర్దినప్పుడు అసూయ వచ్చి చేరింది. మన అరిషడ్వర్గాల్లో కామ, క్రోధ, లోభ, మోహ, మదాల తర్వాత మాత్సర్యం చివర్లో కూర్చుంటుంది కదా, అదే ఇది.

ఇక రంగుల చార్ట్ విషయానికొస్తే, చర్చి అలాంటిది ఎప్పుడూ రిలీజ్ చేయలేదు. పెయింటర్లు, కవులు ఎవరికి తోచిన రంగు వాళ్ళు వేసుకున్నారు. ఒకరు కోపానికి ఎరుపు వేస్తే ఇంకొకరు నలుపు వేశారు. అసూయనే తీసుకోండి. షేక్‌స్పియర్ 'ఒథెల్లో' నాటకంలో అసూయకి పచ్చ కళ్ళు ఉంటాయి. ఇటలీ కవి దాంతే దగ్గరికి వెళ్తే అసూయపరులు బండరాయి రంగు దుప్పట్లు కప్పుకుని ఉంటారు. జర్మన్ భాషలో అయితే ఈ రోజుకీ, అసూయతో ఒకడు పసుపు రంగులోకి మారిపోయాడు అంటారు. ఒకే పాపానికి మూడు రంగులు. కాబట్టి రీల్ ఫేక్. అయిపోయింది.

కానీ ఒక్క నిమిషం. ఆ మూడు రంగుల్లో ఒకటి నన్ను వదల్లేదు. పసుపు. మనకి పసుపు అంటే ఏంటి? పెళ్ళి పనులు మొదలయ్యేదే పసుపు దంచడంతో. కొత్త బట్ట కట్టుకునే ముందు అంచుకి పసుపు పెడతాం. గడపకి పసుపు రాస్తాం. తాళి పసుపు తాడుకే కడతాం. (పసుపు అనగానే కొంతమందికి ఒక పార్టీ గుర్తొస్తుందని తెలుసు, కామెంట్లలో ఆ గొడవ వద్దు, ప్లీజ్.) అలాంటి రంగు యూరప్‌లో అసూయకి, అబద్ధానికి, నమ్మకద్రోహానికి గుర్తు ఎలా అయ్యింది? అది అక్కడితో ఆగలేదు. ఆ గుర్తు మనుషుల బట్టల మీదకి ఎక్కింది. ఈ ఎపిసోడ్ అంతా దాని గురించే.

మొదట్లో యూరప్‌లో కూడా పసుపుకి ఏ దోషమూ లేదు. పాత రోమ్‌లో పెళ్ళికూతురు తల మీద కప్పుకునే ముసుగు పసుపు ఛాయలోనే ఉండేది. ఫ్లమ్మేయమ్ అనేవాళ్ళు దాన్ని. అంటే రోమ్ పెళ్ళికూతురు మన పెళ్ళికూతురు పక్కన నిలబడితే రంగు విషయంలో పెద్ద తేడా ఏం ఉండేది కాదు.

మరి ఎక్కడ చెడింది? దీనికి ఒక్క కారణం లేదు. ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ వచ్చాయి. ముందు ఒంట్లోంచి మొదలుపెడదాం.

గ్రీకు వైద్యులు మనిషి ఒంట్లో నాలుగు ద్రవాలు ఉంటాయని నమ్మేవాళ్ళు. రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం. 2వ శతాబ్దంలో గాలెన్ అనే డాక్టర్ దీన్ని పెద్ద సిద్ధాంతంగా నిలబెట్టాడు. ఆ తర్వాత వెయ్యేళ్ళకి పైగా యూరప్‌లో, అరబ్ ప్రపంచంలో డాక్టర్లు ఇదే చదువుకున్నారు. ఇందులో ప్రతి ద్రవానికీ ఒక రంగు, ఒక స్వభావం. రక్తం ఎక్కువైతే మనిషి హుషారు. కఫం ఎక్కువైతే మందకొడి. నల్ల పిత్తం ఎక్కువైతే దిగులు. మెలాంకలీ అనే మాటకి అర్థమే నల్ల పిత్తం. పసుపు పిత్తం ఎక్కువైతే చిరాకు, కోపం, కడుపులో కుతకుత. మన ఆయుర్వేదంలో వాతం, పిత్తం, కఫం ఉన్నాయి, అందులోంచే మనకి "వీడికి పైత్యం ఎక్కువైంది" అనే తిట్టు వచ్చింది. అంటే ఎమోషన్‌కి రంగు వేయడం మొదట కవిత్వంగా పుట్టలేదు. అప్పటి వాళ్ళకి అది మెడికల్ సైన్స్. లోపల పిత్తం పొంగితే మొహం, కళ్ళు పసుపెక్కుతాయి అని వాళ్ళు కళ్ళారా చూశారు, కామెర్లలో.

ఇప్పుడు తెలుగు వాళ్ళకి మాత్రమే బాగా అర్థమయ్యే ఒక పాయింట్ చెప్తాను. అసూయకి కొందరు ఆకుపచ్చ, కొందరు పసుపు ఎందుకు వేశారు అని ఇంగ్లీష్ వాళ్ళు తల బద్దలు కొట్టుకుంటారు. మనకి ఆ ప్రాబ్లమే లేదు. మనది ఒకటే మాట, పచ్చ. గడ్డీ పచ్చే, బంగారమూ పచ్చే, కామెర్లూ పచ్చే. తేడా చెప్పాల్సి వస్తేనే ఆకుపచ్చ, పసుపుపచ్చ అంటాం. పాత గ్రీకు భాషలో క్లోరోస్ అనే మాట కూడా సరిగ్గా ఇంతే, లేత ఆకు రంగు దగ్గర్నుంచి పాలిపోయిన పసుపు దాకా అన్నీ అందులోనే. వాంతిలో వచ్చే చేదు ద్రవాన్ని మనం పసరు అంటాం. పసుపు, పసరు, పచ్చ, అన్నీ ఒకే ధాతువు నుంచి వచ్చినవే. కొన్ని ఊళ్ళలో కామెర్లని పసిరికలు అంటారు, అదీ ఆ కుటుంబమే.

ఇంకా వింతైనది ఉంది. సంస్కృతంలో పసుపుకి హరిద్ర అని పేరు. బంగారానికి హిరణ్యం. ఆకుపచ్చకి హరితం. ఇంగ్లీషులో ఎల్లో, గోల్డ్, పిత్తానికి వాడే గాల్ అనే మాట, గ్రీకులో పిత్తానికి వాడే ఖోలే. భాషా శాస్త్రవేత్తలు వీటన్నిటినీ ఒకే మూలానికి కలుపుతారు, వేల ఏళ్ళ కిందట ఇండో-యూరోపియన్ భాషలు విడిపోకముందు ఉన్న ఒక ధాతువుకి. అంటే ఒకే తల్లికి పుట్టిన పిల్లల్లో ఒకరు బంగారం అయ్యారు, ఒకరు మన వంటింటి పసుపు అయ్యారు, ఒకరు కడుపులో చేదు అయ్యారు. దీని గురించి చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సరే, బంగారం దగ్గరికి వచ్చాం కాబట్టి రెండో కారణం. ఫ్రాన్స్‌లో మిషెల్ పాస్తూరో అనే చరిత్రకారుడు ఉన్నాడు. ఒక్కో రంగు మీద ఒక్కో పుస్తకం రాశాడు, 2019లో పసుపు మీద రాశాడు. ఆయన వాదన సింపుల్. మధ్యయుగంలో పసుపుకి ఉన్న మంచి అంతా బంగారం లాగేసుకుంది. వెలుగు, దేవుడు, సంపద, కీర్తి, ఇవన్నీ బంగారు రేకు ఖాతాలోకి వెళ్ళిపోయాయి. మామూలు పసుపుకి మిగిలినవి చెడ్డవే. పిత్తం, గంధకం కంపు, ఎండి రాలిపోయే ఆకు, వాడిపోయిన మొహం. నాకు ఈ వాదన నచ్చింది. కానీ మన వైపు చూస్తే మాత్రం బంగారమూ ఉంది, పసుపూ ఉంది, రెండూ పక్కపక్కనే హాయిగా బతుకుతున్నాయి. బంగారం కొనలేని వాళ్ళు పసుపు కొమ్ము కట్టి పెళ్ళి చేసేస్తారు కూడా. కాబట్టి బంగారం ఉన్న ప్రతి చోటా పసుపు చెడిపోవాలని రూల్ ఏం లేదు. యూరప్‌లో ఇంకేదో తోడైంది.

ఆ తోడైనది ఒక మనిషి. జూడాస్. ఏసు పన్నెండు మంది శిష్యుల్లో ఒకడు, 30 వెండి నాణేలకి ఆయన్ని పట్టించినవాడు. ఇప్పుడు బైబిల్ తీసి వెతకండి, జూడాస్ ఏ రంగు బట్టలు వేసుకున్నాడో ఎక్కడా ఉండదు. కానీ పెయింటర్‌కి ఒక సమస్య ఉంది. గోడ మీద పదమూడు మంది గడ్డాల మనుషుల్ని గీయాలి. చూసేవాళ్ళకి చదువు రాదు. ద్రోహి ఎవడో చూడగానే తెలియాలి. యాప్‌లో అన్ని బటన్లూ ఒకేలా ఉంటే డిలీట్ బటన్‌కి వేరే రంగు ఇస్తాం కదా, అలాంటి అవసరం.

ఇటలీలో పాదువా అనే ఊళ్ళో స్క్రోవెన్యీ చాపెల్ ఉంది. 1305 ప్రాంతంలో జొత్తో అనే పెయింటర్ దాని గోడలన్నీ నింపేశాడు. ఒక సీన్‌లో జూడాస్ డబ్బు సంచి పట్టుకుని పూజారులతో బేరం ఆడుతుంటాడు, వెనకాల నల్లటి దెయ్యం వాడి భుజం మీద చెయ్యి వేసి ఉంటుంది. వాడి ఒంటి మీద పసుపు బట్ట. ఇంకో సీన్ ప్రపంచ ప్రసిద్ధి. జూడాస్ ఏసుని ముద్దు పెట్టుకుని పట్టిస్తున్నాడు. జూడాస్ వేసుకున్న ఆ పెద్ద పసుపు పై వస్త్రం ఏసు ఒంటిని మొత్తం కప్పేస్తుంది. రెండు మొహాలు మాత్రం ఎదురెదురుగా. ఇన్ని కత్తులు, దివిటీలు, జనం మధ్యలో మన కన్ను వెళ్ళి ఆగేది ఆ పసుపు మీదే. ఫోన్‌లో సెర్చ్ చేసి చూడండి, ఎపిసోడ్ పాజ్ చేసైనా చూడండి.

అదే చాపెల్‌లో గోడ కింది భాగంలో ఏడు దుర్గుణాలు మనుషుల రూపంలో ఉంటాయి. అందులో అసూయ ఒక ముసలామె. నిప్పుల్లో నిలబడి, ఒక చేత్తో సంచి గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఆమె నోట్లోంచి పాము బయటికి వచ్చి, వెనక్కి తిరిగి ఆమె కళ్ళనే కాటేస్తుంటుంది. లాటిన్‌లో అసూయకి ఇన్విదియా అని పేరు, ఆ మాటలోనే చూపు ఉంది, చెడ్డగా చూడటం అని. దాంతే అసూయపరుల కళ్ళకి వేసిన శిక్ష ఇంకా ఘోరం, ఇనుప తీగతో రెప్పలు కుట్టేస్తాడు. మనం కూడా "వాళ్ళ పచ్చని సంసారం చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నారు" అంటాం. దిష్టి తీస్తాం. ఎక్కడికెళ్ళినా అసూయ కంటిలోనే ఉంటుంది, అది ఏ దేశమైనా సరే. కానీ గమ్మత్తు చూడండి, జొత్తో ఈ ముసలామెకి ఏ రంగూ వేయలేదు. ఆ దుర్గుణాలన్నీ బూడిద రంగులో, రాతి శిల్పాల్లా గీశాడు. అంటే పాపానికి రంగు లేదు ఆ గోడ మీద. పాపం చేసిన మనిషికే ఉంది.

ఇంకో సంగతి. పసుపు అంటే ద్రోహం అని అందరూ ఒప్పుకున్నారా అంటే, లేదు. చాలా పెయింటింగ్స్‌లో సెయింట్ పీటర్ కూడా పసుపు పై వస్త్రంలోనే ఉంటాడు, ఆయన ఏకంగా మొదటి పోప్ అని చెప్పుకునే మనిషి. లియొనార్డో డావించీ 'లాస్ట్ సప్పర్'లో జూడాస్‌కి పసుపు వేయలేదు. కాబట్టి ఇది చట్టం కాదు, అలవాటు. కానీ అలవాటు చట్టంగా మారిన చోట కథ సీరియస్ అవుతుంది.

పోప్ మూడో ఇన్నోసెంట్. ఈయన పోప్ కాకముందు, 1190లలో, చర్చిలో ఏ పండగకి ఏ రంగు వస్త్రం వేయాలో ఒక పుస్తకంలో రాశాడు. తెలుపు, ఎరుపు, నలుపు, ఆకుపచ్చ, ఇవి ముఖ్యమైన రంగులు. పసుపుకి అందులో చోటు లేదు. ఇదే మనిషి పోప్ అయ్యాక 1215లో రోమ్‌లో నాలుగో లాటరన్ కౌన్సిల్ పెట్టాడు. అందులో 68వ నిబంధన ఏంటంటే, యూదులు, ముస్లింలు తమ బట్టల ద్వారా క్రైస్తవుల నుంచి వేరుగా కనిపించాలి. ఏ రంగు అనేది అందులో లేదు. రంగు తర్వాత ఒక్కో రాజ్యం నింపుకుంది.

ఇది యూరప్ ఒక్కదాని ఐడియా కూడా కాదు. అంతకు ముందే 850లో అబ్బాసిద్ ఖలీఫా అల్-ముతవక్కిల్ తన రాజ్యంలో ఉన్న క్రైస్తవులు, యూదులు తేనె రంగు పై బట్ట వేసుకోవాలని ఆర్డర్ వేశాడు. తేనె రంగు అంటే ఇంచుమించు పసుపే.

ఇంగ్లండ్ చూడండి. 1218లో యూదులకి పెట్టిన గుర్తు తెల్లది. 1275కి వచ్చేసరికి రాజు మొదటి ఎడ్వర్డ్ చట్టంలో అది పసుపు అయ్యింది. ఏడేళ్ళు దాటిన ప్రతి యూదుడూ ఆరు అంగుళాల పొడవు, మూడు అంగుళాల వెడల్పు ఉన్న పసుపు ఫెల్ట్ ముక్క గుండె మీద వేసుకోవాలి. ఏడేళ్ళు అంటే రెండో క్లాసు పిల్లాడు. 1290లో వాళ్ళందరినీ దేశం నుంచే వెళ్ళగొట్టేశారు. ఫ్రాన్స్‌లో తొమ్మిదో లూయీ 1269లో బట్టల మీద చక్రం గుర్తు కుట్టించాడు. ఈ లూయీని చర్చి సెయింట్‌గా ప్రకటించింది. వెనిస్‌లో యూదులకి పసుపు టోపీ, 1516 నుంచి వాళ్ళు ఉండటానికి విడిగా ఒక పేట. ఘెట్టో అనే మాట అక్కడిదే.

యూదులు మాత్రమే అనుకోకండి. దక్షిణ ఫ్రాన్స్‌లో కాథర్లు అనే క్రైస్తవ శాఖ వాళ్ళు ఉండేవాళ్ళు. చర్చి దృష్టిలో వాళ్ళు మతద్రోహులు. పశ్చాత్తాపపడ్డామని ఒప్పుకున్న వాళ్ళకి ఇన్‌క్విజిషన్ వేసిన శిక్ష ఏంటంటే, ముందు ఒకటి, వెనక ఒకటి పసుపు శిలువ కుట్టుకుని తిరగడం. వినడానికి చిన్న శిక్షలా ఉంది కదా? జైలు కాదు, కొరడా కాదు. కానీ ఆ శిలువ ఉన్నవాడికి పని ఇవ్వాలంటే జనం భయపడేవాళ్ళు, వాళ్ళ పిల్లల సంబంధాలు తప్పిపోయేవి. శిలువ చిరిగిపోతే బాగు చేయించుకోవాల్సిన బాధ్యత వాళ్ళదే.

స్పెయిన్, పోర్చుగల్ ఇన్‌క్విజిషన్లలో ఇదే సాన్‌బెనిటో అనే అంగీ అయ్యింది. పసుపు గుడ్డ, మీద ఎర్ర అడ్డ శిలువ. శిక్ష అయిపోయాక స్పెయిన్‌లో ఆ అంగీని ఊరి చర్చిలో పేరు రాసి వేలాడదీసేవాళ్ళు, మనవలు కూడా తల దించుకునేలా. ఇది మన గడ్డ మీదకీ వచ్చింది. పోర్చుగీసు వాళ్ళు గోవాలో 1560లో ఇన్‌క్విజిషన్ పెట్టారు, మధ్యలో కొన్నాళ్ళు ఆగినా 1812 దాకా నడిచింది. డెలోన్ అనే ఫ్రెంచ్ డాక్టర్ 1670లలో అక్కడ జైల్లో పడి, బయటపడ్డాక 1687లో పుస్తకం అచ్చు వేశాడు. అందులో ఈ పసుపు అంగీల ఊరేగింపు గురించి రాశాడు. మన పెళ్ళిళ్ళలో పసుపు బట్టలతో ఊరేగింపు వెళ్తున్న కాలంలోనే, కొన్ని వందల కిలోమీటర్ల అవతల, పసుపు బట్టలతో ఇంకో ఊరేగింపు.

ఫ్రాన్స్‌లో 1523లో బూర్బన్ ప్రభువు చార్లెస్ తన రాజుని వదిలేసి శత్రువు వైపు చేరాడు. రాజు ప్యారిస్‌లో ఆయన బంగళా తలుపుకి, గడపకి పసుపు పూయించాడు. ద్రోహి ఇల్లు అని ఊరందరికీ తెలియడానికి. గడపకి పసుపు! మా అమ్మకి ఈ విషయం చెప్తే, "అయితే లక్ష్మీదేవి ఆ ఇంటికే వెళ్ళుంటుందిలే" అంది.

ఇక్కడ ఒక క్షణం ఆగి నా సొంత అనుభవం చెప్తాను. నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసిన ఒక ఆఫీసులో పర్మనెంట్ ఎంప్లాయీస్‌కి నీలం ట్యాగ్, కాంట్రాక్ట్ వాళ్ళకి ఎర్ర ట్యాగ్. పని ఒకటే, డెస్కులు పక్కపక్కనే. కానీ లిఫ్ట్‌లో ఎవరైనా ఎక్కితే ముందు మెడ కేసి చూసి, తర్వాత మొహం చూసేవాళ్ళు. మొదటి ఆరు నెలలు నాది ఎరుపు. దాన్ని దీనితో పోల్చట్లేదు, పోల్చకూడదు. ట్యాగ్ వల్ల నా ప్రాణానికి ఏ ముప్పూ లేదు, సాయంత్రం తీసి బ్యాగులో పడేసేవాడిని. నేను గమనించింది ఒక్కటే, రంగు పెట్టిన రెండో రోజుకే ఆ రంగుకి ఒక గుణం కూడా అంటుకుంటుంది. ఎర్ర ట్యాగ్ వాళ్ళు సీరియస్‌గా పని చేయరు అనే మాట క్యాంటీన్‌లో నా వెనక నిలబడే ఎవరో అన్నారు.

సరిగ్గా ఇదే జరిగింది మధ్యయుగం యూరప్‌లో, వందల ఏళ్ళ పాటు. పిత్తం పసుపు, అందుకని అసూయ పసుపు. ద్రోహం పసుపు, అందుకని జూడాస్ పసుపు. జూడాస్ యూదుడు, అందుకని యూదులకి పసుపు. ఇక్కడ లాజిక్ ఎంత డొల్లగా ఉందో చూడండి. ఏసూ యూదుడే, పీటరూ యూదుడే, మిగతా శిష్యులందరూ యూదులే. కానీ ఒక్కడి రంగు మొత్తం జాతికి వేశారు. తర్వాత ఆ గుర్తుతో పుట్టి పెరిగిన తరాలకి ఇది రివర్స్‌లో కనిపించింది. వాళ్ళు పసుపు వేసుకున్నారు కాబట్టి ద్రోహులే అయ్యుంటారు అని. మనకి సామెత ఉంది కదా, పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందని. ఆ సామెతలో జబ్బు చూసేవాడిది.

ఫ్రెంచ్ విప్లవం తర్వాత ఈ గుర్తులు మెల్లగా పోయాయి. 19వ శతాబ్దంలో యూదులు డాక్టర్లు, ప్రొఫెసర్లు, సైనికులు అయ్యారు. పసుపు కథ ముగిసింది అనుకున్నారు.

1933 ఏప్రిల్ 1న నాజీలు యూదుల షాపుల బాయ్‌కాట్ పెట్టారు. షాపుల అద్దాల మీద పసుపు మచ్చలు కనిపించాయి. మూడు రోజుల తర్వాత బెర్లిన్‌లో రాబర్ట్ వెల్ట్ష్ అనే జర్నలిస్టు, పసుపు గుర్తు పెడితే గర్వంగానే మోద్దాం అనే అర్థంలో ఒక వ్యాసం రాశాడు. అప్పటికి ఎవరి బట్టల మీదా గుర్తు లేదు. ఇక ముందు రాబోయేది ఆయనకి తెలియదు. తర్వాత రోజుల్లో ఆ వ్యాసం రాసినందుకు ఆయన బాధపడ్డాడు, అప్పుడే దేశం వదిలి పారిపొమ్మని చెప్పాల్సింది అని.

1939 చివర్లో ఆక్రమిత పోలండ్‌లో చాలా చోట్ల పెట్టింది తెల్ల పట్టీ మీద నీలం నక్షత్రం. కానీ జర్మనీలో పెట్టాల్సి వచ్చినప్పుడు పసుపే ఎంచుకున్నారు. 1941 సెప్టెంబర్ 1న ఆర్డర్, సెప్టెంబర్ 19 నుంచి అమలు. ఆరేళ్ళు నిండిన ప్రతి యూదుడూ అరచేయంత పసుపు నక్షత్రం ఎడమ వైపు గుండె మీద కుట్టుకోవాలి. మధ్యలో యూదుడు అనే జర్మన్ మాట. ఆ గుడ్డ ముక్క కూడా ఫ్రీ కాదు. జర్మనీలో డబ్బులిచ్చి కొనుక్కోవాలి. ఫ్రాన్స్‌లో అయితే వాళ్ళ బట్టల రేషన్ కూపన్‌లోంచి కోత.

ఫ్రాన్స్‌లో 1942 జూన్‌లో ఇది మొదలైనప్పుడు యూదులు కాని కొందరు కుర్రాళ్ళు, అమ్మాయిలు ఒక పని చేశారు. వాళ్ళ వయసు మీ వయసే. పసుపు కాగితంతో నక్షత్రాలు కత్తిరించుకుని, మధ్యలో యూదుడు అనే మాట బదులు "స్వింగ్" అని, "పాపువా" అని, ఏదో ఒకటి రాసుకుని ప్యారిస్ వీధుల్లో తిరిగారు. స్వింగ్ అంటే అప్పటి డాన్స్ మ్యూజిక్. కొందరిని పట్టుకుని ద్రాన్సీ క్యాంపులో వేశారు, ఆగస్టు చివరి దాకా ఉంచారు. వాళ్ళకి అక్కడ "యూదుల మిత్రులు" అని రాసిన గుర్తు తగిలించారు.

ఇక్కడ ఒక వాట్సాప్ కథ కూడా క్లియర్ చేస్తాను. డెన్మార్క్ రాజు తనే పసుపు నక్షత్రం పెట్టుకుని గుర్రం మీద తిరిగాడని ఒక ఫార్వర్డ్ ఉంటుంది. అది నిజం కాదు. డెన్మార్క్‌లో నాజీలు ఆ నక్షత్రం అసలు పెట్టనేలేదు. రాజు గుర్రం మీద తిరిగిన మాట మాత్రం నిజమే. డెన్మార్క్ జనం 1943లో తమ యూదుల్లో ఎక్కువ మందిని పడవల్లో స్వీడన్ దాటించారు, అసలు కథే అంత గొప్పగా ఉంటే అబద్ధం ఎందుకు కలపడం?

చివరగా ఒకే ఒక్క మనిషి గురించి చెప్పి ఆపేస్తాను. విక్టర్ క్లెంపరర్. డ్రెస్డెన్ సిటీలో ప్రొఫెసర్, యూదుడు. భార్య ఈవా యూదురాలు కాదు, అందువల్లే ఆయన్ని అప్పటికి క్యాంపుకి పంపలేదు. ఆయన రోజూ రహస్యంగా డైరీ రాశాడు. యుద్ధం అయ్యాక 1947లో నాజీల భాష మీద పుస్తకం వేశాడు. అందులో అంటాడు, ఆ 12 ఏళ్ళ నరకంలో యూదులకి అన్నిటికంటే కష్టమైన రోజు ఏదని అడిగితే అది సెప్టెంబర్ 19, 1941 అని. కొట్టిన రోజు కాదు, ఉద్యోగం తీసేసిన రోజు కాదు. నక్షత్రం కుట్టుకున్న రోజు. ఎందుకంటే అంతవరకు రోడ్డు మీద నడిచే వందమందిలో ఆయన ఒకడు. ఆ రోజు నుంచి ఆయన ఎక్కడికెళ్ళినా ఒక పసుపు మచ్చ. ఆ రంగు గురించి ఆయన రాసిన మాటల్లో ప్లేగు ఉంది, మధ్యయుగం ఉంది, అసూయ ఉంది, పిత్తం ఉంది. గ్రీకు డాక్టర్ల దగ్గర మొదలైంది ఈయన కోటు దాకా వచ్చిందని ఆయనకి పూర్తిగా తెలుసు. బయట పనులన్నీ ఈవా చూసుకునేది. ఈయన చీకటి పడితే తప్ప బయటికి వెళ్ళడానికి ఇష్టపడేవాడు కాదు.

1945 ఫిబ్రవరి 13. డ్రెస్డెన్‌లో మిగిలింది కొద్దిమంది యూదులే. వాళ్ళలో చాలామందిని మూడు రోజుల్లో పంపించేస్తామని నోటీసులు వచ్చాయి. ఆ నోటీసులు ఇంటింటికీ పంచే పని క్లెంపరర్‌కే అప్పజెప్పారు. అదే రాత్రి బ్రిటిష్ విమానాలు సిటీ మీద బాంబులు వేశాయి. ఊరంతా మంటలు. ఆ గొడవలో భార్యాభర్తలు విడిపోయి, తెల్లారాక నది గట్టు మీద ఒకరికొకరు కనిపించారు. ఈవా చిన్న చాకు తీసి, ఆయన కోటు మీద నక్షత్రం కుట్లు కోసేసింది. నక్షత్రంతో దొరికినా చావే, తీసేసి దొరికినా చావే. ఆ బూడిదలో, ఇళ్ళు కోల్పోయి నడుస్తున్న వేలమంది జర్మన్ల మధ్య ఆయన ఇంకో ముసలాయన, అంతే. ఎవరూ గుర్తుపట్టలేదు. తర్వాత ఇంకో 15 ఏళ్ళు బతికాడు.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే ఫ్రెండ్స్. మీ ఊళ్ళో పచ్చ, పసుపు, పసరు, వీటితో వేరే మాటలు గానీ సామెతలు గానీ ఉంటే కామెంట్లలో రాయండి, జిల్లా పేరుతో సహా. వచ్చే ఎపిసోడ్‌లో నీలం మందు, అంటే ఇండిగో గురించి మాట్లాడుకుందాం. ఉంటాను, బై.